వంక పెట్టేవాడు కావాలి

"కూర్చోవయ్యా టైలరూ, ఇంకో టీ తాగి వెళ్దువుగాని, నీ కత్తెర ఎక్కడికీ పారిపోదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే ఇబ్బందిలో పడ్డాను. ఈ ఆదివారం మా అత్తగారి పిల్లలు నలుగురూ మా ఇంట్లో కలుస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో ఎవరికీ తెలీదు. నలుగురితో కలిసి దిగిన ఫొటో ఆవిడకి ఒక్కటీ లేదు. అది నేనే తియ్యాలని నా ఆశ. మా ఆవిడేమో, మీరు నిన్నగాక మొన్న కెమెరా పట్టారు, మొహమాటం లేనివాళ్ళకి చూపించి తప్పులు చెప్పించుకోండి, లేదంటే స్టూడియో ఆయన్ని పిలుస్తానంది.

"అందుకని పోయినవారం మా అత్తగారినీ, మా ఆవిణ్ణీ, బామ్మర్దినీ, వాడి పెళ్ళాం పిల్లల్నీ మా హాల్లో కిటికీ ముందు నిలబెట్టి ఒక్క ఫొటో తీశాను. అదిగో, మూల బెంచీ మీద మాట్లాడకుండా టీ తాగుతున్నాడే, వాడే బామ్మర్ది. ఫొటో పట్టుకుని వంక పెట్టేవాడి కోసం బయల్దేరాను. దొరికితే ఒట్టు.

"మొదట పక్కింటాయన. ఎవరింటి గేటుకి రంగేసినా బాగాలేదనే మనిషి. ఫొటో చూసి గుటకలు మింగి, కుర్చీ తెమ్మన్నాడు. ఇలా కాదని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన గోడ మీది అక్షరాల అట్ట పీకేసి నా ఫొటో తగిలించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చూసినవాళ్ళకి చూసినట్టే చూపొచ్చేసింది. ఇప్పుడు ఆసుపత్రి గుమ్మం దగ్గర కళ్ళజోళ్ళు చెప్పుల్లా పడున్నాయి."

"మరి ఫొటో నీకెలా తిరిగొచ్చింది?" అన్నాడు టైలరు.

"లాక్కొచ్చాను. పేషెంట్లు వీధి చివరిదాకా వెంటపడ్డారు. అక్కణ్ణించి పోటీలకి జడ్జిగా వెళ్ళే పెద్దమనిషి దగ్గరికి పోయాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫొటోనీ మెచ్చుకోని ఘటం. తప్పు చెప్పండి బాబూ, నేర్చుకుంటాను అని బతిమాలాను. ఆయన తన మెళ్ళో కెమెరా తీసి నా మెళ్ళో వేసి, ఆ పూటే ఉల్లిపాయల వ్యాపారంలోకి దిగిపోయాడు."

"తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కావా?" టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపి అడిగాడు.

"ఎక్కకుండా ఉంటే బాగుండేది. కండక్టరు ఫొటోలో ఉన్నవాళ్ళందరికీ టికెట్ తియ్యమన్నాడు. చిన్నాడికి అర టికెట్టే కదయ్యా అని నేను వాదిస్తుంటే, ఫొటోలో వాడు మునివేళ్ళ మీద లేచి ఎత్తు చూపించాడు. పరువు తీశాడు వెధవ. ఈలోగా మా అత్తగారు, అల్లుడుగారూ, ఇంకెంతసేపు నిలబడాలి, కాళ్ళు లాగుతున్నాయి అన్నారు. ఫొటోలోంచే. సరే, ఇంటికొచ్చి గోడకి పెట్టాను. ఆ కిటికీ వెలుగుకి వీధివీధంతా లైట్లు ఆర్పేసుకున్నారు. కరెంటాఫీసు వాళ్ళు గుంపుగా వచ్చి, పిల్లలు గలవాళ్ళం, బోర్లించి పెట్టండి సార్ అని నా కాళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఇలాంటి ఫొటోకి వంక పెట్టేవాణ్ణి ఎక్కణ్ణించి తేను?"

ఇంత విన్నాక ఆ ఫొటో చూడాలని మా అందరికీ మహా ఆత్రంగా ఉంది. ఏదీ చూపించమన్నాం. కాసేపు నసిగి, చొక్కాలోంచి రెండు చేతులతో తీశాడు. టైలరు దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు, టీ కొట్టాయనకి ఇచ్చాడు. ఆయన చెయ్యి తుడుచుకుని అందుకుని, కిటికీ బాగుందన్నాడు. ఆఖర్న అది బామ్మర్ది చేతికి వెళ్ళింది. అతను వెలుతురుకేసి తిప్పి చాలాసేపు చూశాడు.

"బావా, ఇందులో నేనెవర్ని?"

"ఎడమ నుంచి రెండోవాడివి, ఇంకెవరు?"

"అది మా అమ్మనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. మా కోతలరాయుడు ఫొటో మీదికి వంగి, ఆ నల్లటి తలకాయల మీద వేలు జరుపుకుంటూ పోయి మధ్యలో ఆగిపోయాడు. అతని మొహం చూస్తే జాలేసింది. ఎవరికైనా చూపించాలంటే భయమేసిందనీ, ఇంతవరకూ ఎవరికీ చూపించలేదనీ మెల్లగా ఒప్పుకున్నాడు.

"ఆదివారం నువ్వే తీద్దువుగాని, అక్కతో నేను చెప్తాను. కిటికీ మాత్రం నీ వీపు వెనకుండాలి, మా వెనక కాదు. వెలుగు మా మొహాల మీద పడాలి కదా. అమ్మ మొహం కనపడకపోతే ఆ ఫొటో ఎందుకు బావా?" అన్నాడు బామ్మర్ది.

అతను తలూపాడు. బెంచీ దగ్గరికి లాక్కుని బామ్మర్ది పక్కనే కూర్చున్నాడు.

"ఇంకా ఏమైనా తప్పులుంటే చెప్పరా, దాచకు."

"ఉండు బావా, ముందు నన్ను వెతుక్కోనీ."