నూనె పూసిన సక్రం

ఆ టేసను కాడి దుకాణపోళ్ళని ఇంకేటని తిట్టను కూర్మయ్యన్నా, తిట్టి తిట్టి నోరు నొప్పెట్టింది. మళ్ళీ బ్రేకు పట్టలేదు. రైలు గేటు ఏసి ఉంది. కూత ఇనబడుతోంది. నేను కాలితో తొక్కుతున్నాను, బండి పోతూనే ఉంది. రోడ్డు పక్కన ఇసక గుట్ట ఉండబట్టి అందులోకి తిప్పేను. లేకపోతే నీ షెడ్డుకి బండి బదులు కబురు వచ్చీది.

మా ఊరు మార్కండిలో తెల్లారగట్లే బయల్దేరేం. బండి నిండా ఆడవాళ్ళు. మా ఇంటిది ఎర్రమ్మ, మా అత్త కాసమ్మ, మా వీధివాళ్ళు. తప్తపాణి వేడినీళ్ళలో తానాలు సేస్తామని మొక్కుకున్నారు. అంటే కొండదారి, ఆ ఘాటీ ఎక్కాల, మళ్ళీ దిగాల. ఎక్కడానికి ఇంజను సాలు. దిగడానికి బ్రేకు ఉండాల కదా.

అదిగో, నీ గోడ నీడని కూకున్నారు. ఆళ్ళకేటీ తెలీదు. ఇసకలోకి ఎక్కించినప్పుడు మా అత్త నవ్వింది కూడాను. "అల్లుడు పడవని ఒడ్డుకి తెచ్చీసేడు, దిగండర్రా" అంది. నేనప్పటికీ బ్రేకు తొక్కుతూనే ఉన్నాను.

నువ్వు బండి కిందే ఉండు. నీ పాదాలు తప్ప నాకేటీ కనబడ్డం లేదు, అదే మంచిది. మొహం ఎదురుగా ఉంటే ఈ మాటలు రావు.

ఏటి? ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదనా?

నీకు తెలీదా. ఆ రోజు ఈ బండినే జాకీ మీదకి ఎత్తి, సక్రం ఎనక వేలు పెట్టి, ఆ వేలు వాసన సూసి, "మసేనూ, ఇది సేపనూనె కంపు కొడతాందిరా" అన్నావు. పక్కన ఎవరున్నారు? కచేరీ గుమస్తా బాబులు. అందులో ఒకడు, మా జాలారోళ్ళని ఆళ్ళు పిలిచే పేరుతో, "నోలియా బండి మరి మల్లెపూల వాసనేస్తుందా" అన్నాడు. అందరూ నవ్వేరు. దొర కాడ కొన్న బండి, నా కష్టంతో కొన్న బండి. దానికీ నా కులం కంపే అంటకట్టేరు. జాకీ దింపమన్నాను. ఎల్లిపోయేను.

నువ్వు నవ్వలేదు. అది నిజమే. కానీ నాకా పూట నీ మొహం కనబడలేదు, ఆళ్ళ పళ్ళే కనబడ్డాయి.

తరవాత ఆ కొత్త దుకాణం. "నిలుచున్నపాటున మరమ్మతు" అని పెద్ద పలక. ఎల్లేసరికి కుర్చీ ఏసేరు, గోలీసోడా కొట్టి ఇచ్చేరు. "రండి మసేను బాబూ" అన్నారు. ఒక జాలారోణ్ణి బాబూ అని పిలవడం నువ్వెక్కడైనా ఇన్నావా అన్నా? బ్రేకు జారుతోంది అన్నాను. "పట్టీ అరిగిపోయింది బాబూ, మద్రాసు నుంచి వచ్చిన కొత్తది ఏసెత్తాం" అన్నారు. సోడా పూర్తయ్యేలోపు పని అయిపోయింది. పాతది సూపించమంటే, మూలనున్న కుప్పలోంచి ఒకటి లాగి నా ముందర పడీసేరు. అది నా బండిదేనో, ఏ సచ్చిన బండిదో, నాకేటి తెలుస్తాది?

కొన్నాళ్ళు బాగానే పట్టింది. మళ్ళీ జారింది. మళ్ళీ ఎల్లేను. మళ్ళీ కుర్చీ, మళ్ళీ సోడా.

ఏటన్నావు? ఇది పాత పట్టీయేనా? దొర ఉన్నప్పటిదా? ఒక్కసారీ మార్చలేదా?

పెట్రోలుతో తుడిచి, పైన నల్లరంగు రాసి ఇచ్చీసేరన్నమాట.

మా తాత ఒక కథ సెప్పీవోడు. ఊళ్ళో వలలు బాగుసేసేవాళ్ళు ఇద్దరుండేవారంట. ఒకడు లక్ష్ముడు. వల తెస్తే ఎండకి ఎత్తి పట్టి, నువ్వు సూడని సిల్లు కూడా నీకు సూపించి, "ఇది ఇప్పుడే సముద్రంలోకి పోదు" అనీవోడంట. రెండోవాడు వలని బెరడు కసాయంలో ముంచి, ఆరేసి, సేతిలో పెట్టీసీవోడు. కొత్తదానిలాగ ఎర్రగా ఉండీది. సిల్లులు కనబడీవి కావు. లక్ష్ముడంటే అందరికీ మంట, ఆడి నోటంట మంచిమాట రాదని. రంగులోడి వాకిట్లో జనం. సేపల కాలం వచ్చింది. సేపకి వల రంగుతో పనేటి? సిల్లుంటే అందులోంచి పోతాది.

అక్కడాపీసి, "తప్పెవరిదిరా మనవడా?" అనడిగీవోడు. రంగులోడిదే అనీవాణ్ణి. మా తాత ఔననీవాడు కాదు, కాదనీవాడు కాదు. సుట్ట ముట్టించుకునీవాడు.

వచ్చీసేవా బయటికి. ఏటది, పట్టీయా? ఇలాగియ్యి.

నువ్వు వాసన సూడమనక్కర్లేదు. సొరసేప నూనె. ఇంజను నూనె కాదు, నాకు తెలుసు.

ఎవరు పూసేరని అడుగుతావు. అడుగు.

మా ఇళ్ళలో పడవకి అమావాస్యకి నూనె పూస్తారు. ఆడవాళ్ళ పని అది. మా పడవకి మేకులుండవు కదా, పలకలన్నీ కొబ్బరి తాడుతో కుట్టినవి. ఆ కుట్లు నూనె తాగాల. లేకపోతే కుళ్ళిపోతాయి. ఎర్రమ్మ తండ్రి పోతయ్య ఆఖరిసారి ఎల్లిన పడవకి ఆ అమావాస్య నూనె పుయ్యలేదు. ఇంటిల్లిపాదికీ జొరాలు. పుయ్యమని ఎర్రమ్మకే సెప్పేడంట, ఆడుకోడానికి పోయి మరిచిపోనాది. సిన్నపిల్ల. పడవ నడిసముద్రంలో ఇడిపోనాది.

అప్పటి నుంచి ఆమె ఇంట్లో ఏదీ ఎండిపోనివ్వదు. ఈ బండి కొన్నాక దీనికీ అమావాస్య వచ్చింది. పసుపు పెట్టి, దండేసి, సక్రాలకి, సక్రం మీద బిగిసే ఈ పట్టీకి, సందుల్లోకి వేలు పోనిచ్చి మరీ పూస్తాది. "సెక్కకే అంత కావాలంటే ఇనుముకి ఇంకెంత కావాలో" అంటాది.

దుకాణపోళ్ళకి తెలుసునా అంటే, తుడిచినవాడికి తెలీకుండా ఉంటాదా అన్నా. సెప్తే నేను మళ్ళీ ఎందుకెల్తాను?

నాకు తెలుసునా అని కదా అలా సూస్తున్నావు.

తెలుసు. నువ్వు అన్న రోజే ఇంటికెల్లి, సక్రం కాడ కూకుని వాసన సూసేను. ఆమెకి వద్దని సెప్పడానికి నోరు రాలేదు. నీ మీద కోపం పెట్టుకోడం సులువనిపించింది. ఆమె పూస్తాది, ఆళ్ళు కొత్త పట్టీ ఏస్తారు, బండి నడుస్తాది, అనుకున్నాను. ఆళ్ళు నన్ను మోసం సేసేరంటున్నాను గానీ, నాకు కావలసిన సరుకే కదా అమ్మేరు.

ఈ ఒక్క పూటకి తుడిచిస్తే? మెల్లిగా దిగుతాను.

సరే, సరే. తల అడ్డంగా ఊపకు. తెలిసే అడిగేను.

అటు సూడు, ఒళ్ళో గిన్నె. ఘాటీ ముందర ఓసారి పుయ్యాలని ఇంటికాణ్ణించి తెచ్చుకుంది. అన్నా, ఒక్క సాయం సెయ్యి. పట్టీ అరిగిపోయిందని సెప్పు. మోటారు సక్రానికి నూనె పూస్తే అమ్మోరికి పడదని సెప్పు. పెద్దోడివి, నీ మాట ఇంటాది. నూనె వల్లే అని మాత్రం అనకు. తండ్రి పోయింది నూనె పుయ్యక. మేమందరం పోబోయింది నూనె పూసి. ఆ రెండూ ఒక్క మనిషి మీద ఎలా పెడతావు?

సెప్పవా.

అవున్లే. అడుక్కున్నా నీ కాడ ఒక్క అబద్ధం దొరకదు. ఆ దుకాణంలో అయితే సోడాతో పాటే ఇచ్చీవోరు.

ఆ పట్టీ నా సేతిలోనే ఉండనీ. నువ్వు ఇక్కడే ఉండు, రాకు.

ఎర్రమ్మా, ఆ గిన్నె అక్కడ పెట్టీసి ఓసారి ఇటు రా. రా, పరవాలేదు. దీని వాసన సూడు.