తల ఎటువైపు

(కంట్రోల్ గది. మైకు ముందు డైరెక్టరు, కణాల లెక్కలు చూసే ఇంజనీరమ్మాయి.)

“సార్, ముందు ఆ మైకు...”

“మైకు సంగతి తర్వాత. ఏమిటమ్మా ఈ కాగితం? డబ్బా తిరగబడి ఉందా?”

“అవును సార్. రేడియేషన్ కణాలు అంతరిక్ష నౌకలోకి ఎటునుంచి వస్తున్నాయో చెప్పే డబ్బా కదా. దాని ముందువైపు వెనక్కి పెట్టి బిగించారు. కుడి గోడలోంచి వచ్చేవన్నీ ఎడమ గోడలోంచి వస్తున్నట్టు చూపించింది.”

“భేష్. చంటిపిల్లలు చెప్పులు వేసుకున్నట్టు బిగించారన్నమాట. మూడేళ్ళు మేపితే మీ టీమ్ చేసిన ఘనకార్యం ఇదా?”

“మేం రాసిచ్చినట్టే బిగించబోయారు సార్. ఆ రోజు ఫోన్ చేసి తిప్పించారు.”

“ఎవడా తెలివైనవాడు?”

“మీరే సార్.”

“నేనా?”

“మన సంస్థ బోర్డు కెమెరాకి కనబడటం లేదని. ఫోటో బాగా వచ్చింది. మీ గదిలో ఫ్రేము కట్టించారు కూడా.”

“నేను బోర్డు తిప్పమన్నానుగానీ, డబ్బా తిప్పమన్నానా?”

“బోర్డు డబ్బాకే అంటించి ఉంది సార్.”

“సరే, సరే. ఇప్పుడేం కొంపలు మునిగాయి? రిపోర్టులో ఎడమ అన్నచోటల్లా కుడి అని కొట్టెయ్. అయిపోయింది.”

“పైన మనిషి ఉన్నారు సార్. ఎడమవైపు ప్రమాదమని మనం చెబితే నమ్మి, వంద రోజులుగా కుడి గోడకి తల ఆనించి పడుకుంటున్నారు. సరిగ్గా కణాలు వచ్చే చోట.”

“పోయాడా?”

“లేదు గానీ...”

“మరింకేం? ఇంకో నలభై రోజుల్లో దిగుతాడు. ఇప్పుడీ ముక్క చెప్పి వాడి నిద్ర చెడగొట్టడం దేనికి?”

“ఆ నలభై రోజులైనా తల రెండోవైపు తిప్పుకుంటారు కదా సార్.”

“ఎందుకు తిప్పుకోవాలని అడుగుతాడు. డైరెక్టరుగారి ఫోటో కోసమని చెప్తావా? అసలే నోటి దురుసు మనిషి. అయినా కణాలు తగిలితే మాత్రం, ఆ తలలో పాడవడానికి ఏముంది గనక?”

“సార్, ఆ మైకు...”

“మళ్ళీ మైకు. ఏం, అదీ తిరగేసి బిగించారా?”

“లేదు సార్, బాగానే పనిచేస్తోంది. మీరు లోపలికొచ్చేసరికే ఆయన లైన్లో ఉన్నారు. మొదట్లోనే చెప్పబోయాను.”

“ఎవరు?”

“నమస్కారం డైరెక్టరుగారూ, పైనుంచి. ఫోటో సంగతి నేను దిగాక మాట్లాడుకుందాం. ముందు ఈ తల ఎటు పెట్టుకోవాలో చెప్పండి.”