నేను తడిపిన ఇసుక

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, ముందు వరుసలోని పెద్దలకు, ప్రయోగశాల మిత్రులకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మన ఇసుక మేడంగారికి, వారి అక్కయ్యగారికి నమస్కారాలు.

మేడంగారు ఎడారి పెంకుపురుగుల మనిషి, నేను చెరువు పెంకుపురుగుల మనిషిని. పాతికేళ్లుగా ఒకే గదిలో అటు ఆవిడ ఇసుక తొట్లు, ఇటు నా నీళ్ల తొట్లు. చెరువు పురుగు వీపు పెంకుల కింద గాలి నింపుకుని మునుగుతుంది, అది అయిపోగానే పైకొచ్చి మళ్లీ నింపుకుంటుంది, చెరువు ఎండితే ఇంకో చెరువుకు ఎగిరిపోతుంది. ఎడారి పురుగుకు ఆ పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయి, ఎగరలేదు. కానీ వాటి కింది ఖాళీయే ఒంట్లో తడి ఆవిరైపోకుండా కాపాడుతుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. (నవ్వులు)

నేను చేరిన రెండో ఏడు, వాళ్లమ్మగారికి ఒంట్లో బాగాలేక ఆవిడ పది రోజులు ఊరెళుతూ, మూడేళ్లుగా పెంచుతున్న నలభై పురుగులను నాకు అప్పగించారు. ఆ పొడి ఇసుక చూస్తే నా గొంతే ఎండినట్టయి, జాలిపడి రెండు పూటలా నీళ్లు చల్లాను. ఇసుక బూజు పట్టింది. ఆవిడ వచ్చేసరికి తొమ్మిది మిగిలాయి. ఏమైందని అడిగితే, వాటంతటవే పోయాయన్నాను. ఆవిడ ఇసుకలో వేలు పెట్టి చూశారు. చేయి తుడుచుకుని, భోంచేశారా అని అడిగారు. అంతే.

పురుగులు పోయినందుకు జరిగిన విచారణలో, జాగ్రత్తలు రాసివ్వకపోవడం తన తప్పేనని సంతకం పెట్టారు. నాది అప్పటికి తాత్కాలిక ఉద్యోగం. తర్వాత పర్మనెంటయింది. ఆవిడ పదోన్నతి మాత్రం ఆరేళ్లు వెనక్కి పోయింది. అక్కయ్యగారూ, ఆ రోజుల్లో మీ చెల్లెలు ఇంట్లో ఎందుకు ముభావంగా ఉండేవారో మీకు తెలియకపోతే, కారణం నేనండి.

ఆ తొమ్మిదింటితోనే ఆవిడ మళ్లీ మొదలుపెట్టారు. ఇవాళ ఆ గదిలో ఉన్న రెండు వందలూ వాటి సంతతే.

నిన్న ఆవిడ బల్ల సర్దుకుంటుంటే, తెలిసీ ఎందుకు చెప్పలేదని ఎట్టకేలకు అడిగాను.

"చెబితే మీ ఉద్యోగం పోయేది, పురుగులు తిరిగొచ్చేవి కావుగా" అన్నారు. సొరుగు మూసి, "మీరే చెబుతారని చాలాకాలం చూశాను" అన్నారు.

అందుకే ఈ ఉదయం, జరిగింది జరిగినట్టు రాసి డైరెక్టరుగారి చేతికిచ్చి, ఆ పాత నివేదికతోపాటే దాన్నీ ఫైలులో పెట్టమని కోరాను. పెడతామన్నారు. మేడం, మీ ఆరేళ్లు నేను తెచ్చివ్వలేను. ఆ తప్పు మాత్రం ఇకనుంచి నా పేరు మీద ఉంటుంది.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.