గోపమ్మ మందెంట పోయిన ఎండకాలం

కూసో బిడ్డా, గా పీట గుంజుకో. పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా? ఆ, తెల్సు, నీ బిడ్డ ముచ్చటనే గద. తలుపేసుకుంటాంది, మాట్లాడుతలే, అడిగితే ఏం లేదంటాంది. దవాఖానకు తీస్కపో, గిసొంటియాటికి గూడ డాక్టర్లున్నరంట ఇప్పుడు, నేనొద్దంటలే. గప్పుడు లేకుండె. మా అత్త గోపమ్మ అని ఉండె, నువ్వు పుట్టకముందే పోయింది. మాట పొదుపు మనిషి. కూరల ఉప్పు తక్కువైతే ఉప్పు గిన్నె ముందల వెట్టేది గని తక్కువైందని అనకపోయేది. నేను గా ఇంటికి కొత్తగ కాపురానికొచ్చిన దినాలు. సాగర్ కట్ట కడుతుండిరి, మా మోత్కూర్ దిక్కుకెళ్లి శానమంది గా పనికి పోయిండ్రు. మాకేమో గొర్లాయె. మా మామ జానయ్య గొర్ల కాడ పేరున్న మనిషి. మందల ఒక్క గొర్రె తల వంచుకొని పక్కకు నిలవడితే చాలు, చెల్క అవతలికెళ్లే కనిపెట్టి 'దానికి పానం బాగలే' అనేటోడు. గసొంటాయనకు ఇంట్ల చిన్నకొడుకు పానం బాగలేనిది కానరాలే.

చిన్నోడు ఐలేశం. మీసం అప్పుడప్పుడే మొలుస్తాంది. నవ్వే పిల్లగాడు, డోలు మంచిగ కొట్టేటోడు. ఏమొచ్చిందో ఏమో, వానకాలం పోయేసరికి నవ్వు బందయింది. డోలు కొయ్యకు తగిలేసిండు. తినడు, పండుకుంటె లేవడు. ఏమైందిరా అంటె 'ఏం కాలే' అంటడు. అబద్ధం గాదు బిడ్డా, నిజంగనే ఏం కాలే. ఎవ్వరు కొట్టలే, తిట్టలే, పిల్ల ముచ్చట గూడ లేదు. గదే ఎవ్వరికి సమజ్ గాలే. పక్కింటి నర్సింగమ్మ వచ్చి, 'గాలి సోకిందక్కా, మొకం సూస్తె తెల్వదా' అన్నది. దానికి తుమ్మొచ్చినా గాలి సోకినట్టే. మా ఆయన సాయిలు, ఐలేశంకు సొంత అన్ననే గద, 'పని దొంగ, మూటలు మొయ్యిస్తె అన్ని దిగుతయి' అన్నడు. ఒకనాడు గోపమ్మ నీళ్లకు పోతె, బాయి గడ్డ మీద కాళ్లేలాడేసుకొని కూసున్నడు ఐలేశం. 'లే, బిందె ఎత్తు' అన్నది. లేచి ఎత్తిండు. గా దినం సంది నీళ్లకు పోతె వాన్ని ఎంటేసుకొని పోయేది, ఇంటికాడ ఉంటె కండ్ల ముందల్నే ఉంచుకునేది.

మా మామ తనకొచ్చిన ఇద్దె జేసిండు. మేత ముట్టని గొర్రెకు కొడవలి కాల్చి డొక్కల వాత వెడ్తరు మావోళ్లు. వాత వడంగనే గొర్రె ఎగిరి దుంకుతది, దుంకినంక మేస్తదని. ఐలేశంను మంచంల పండవెట్టి గట్లనే వెట్టిండు. తన్నుకుంటడని ఇద్దరు పట్టుకున్నరు. తన్నుకోలే. అబ్బ అనలే. దూలం దిక్కు సూస్కుంట పన్నడు. తోలు కాలిన వాసనొచ్చింది గని పిల్లగాడు కదల్లే. మా మామ కొడవలి కింద వడేసి బయటికి పోయిండు, గా పూట బువ్వ తినలే. గోపమ్మ ఆముదం రాసింది. ఏడుస్తదనుకున్న, ఏడ్వలే. నా దిక్కు తిరిగి, 'వీడు మనతాన లేడు పిల్లా, ఇడిసిపెడ్తె పోతడు' అన్నది.

ఎండలు ముదిరినయి, మేత కోసం మంద కృష్ణానది ఒడ్డుకు కదిలింది. మందెంట మొగోళ్లే పోతరు, ఆడోళ్లు ఇంటికాడ ఉన్ని వడుకుతరు. గోపమ్మ కదురు పట్కోని, గొంగడి భుజానేసుకొని, ఐలేశం ఎన్కాల నడిసింది. మా మామ 'నువ్వెందుకే' అంటె, 'ఉన్ని ఆడ గూడ వడుకుత' అన్నది. నర్సింగమ్మ ఊకుంటదా, 'ఏమక్కా, నీ చిన్నోడు ఇంక పాలు మర్వలేదా?' అని అందరి ముందల. 'మర్వలే' అన్నది గోపమ్మ, పోయింది. ఇగ ఆడ ఏం జేసిందంటవా? ఏం జెయ్యలే. మా ఆయన మందెంటనే ఉండె, వచ్చినంక జెప్పిండు. వాడు యాడ కూసుంటె ఆడ కూసుండి వడుకుడు. ఏమైందని అడుగుడు బంద్ వెట్టింది. రొట్టె సగం విరిసి వాని పక్కన వెట్టేది, తింటె తిన్నట్టు, లేకుంటె కుక్క తిన్నట్టు. శాన దినాలకు వాడే అన్నడంట, 'అమ్మా, లోపలంత ఉత్తగ ఉన్నది, బతకబుద్దయితలే.' ఏ తల్లైనా నెత్తి కొట్టుకుంటది గద. గీమె దారం తెగకుంట సుట్టుకొని, 'రేపు గూడ జెప్పు' అన్నదంట. గంతే. వాడు మల్లొక దినం జెప్పిండు. 'ఇయ్యాల గూడ గట్లనే ఉంది.' 'సరే.' దినాం గదే ముచ్చట, ఎండ ఎట్లుందంటె గిట్లుందని జెప్పుకున్నట్టు.

ఒకనాడు జెప్పలే. పొద్దు నడినెత్తికొచ్చింది, వాడు రాలే. గోపమ్మ కదురు ఆడనే ఇడిసి ఉరికింది. చెప్పుల్లేవు. ముందుగాల బాయికాడికి పోయి వంగి సూసింది, నీళ్లల్ల ఏం లేదు. ఇంకో బాయికాడికి ఉరికింది. తుమ్మల సాటుకు అరుపులినవడ్డయి. పోయి సూస్తె, ఐలేశం ఇంకో మంద గుర్వయ్య గల్ల పట్కోని కొట్లాడుతాండు. 'మా పొట్టేలే కుమ్మింది, మీ దాని తలే వంగింది, కండ్లు లేవారా నీకు' అని, గొంతు గీరవొయ్యేటట్టు. గోపమ్మను సూసి, 'అమ్మా, నువ్వే జెప్పు, ఎవని పొట్టేలు గెలిచింది' అన్నడు. గోపమ్మకు గా పొట్టేళ్లే తెల్వయి. 'మనదే' అన్నది, అని గా తుమ్మముండ్లల్లనే కూలవడ్డది. మల్ల లేవనీకి మా ఆయన పోయి చెయ్యియ్యాల్సొచ్చింది.

...ఆ. చిక్కుడుకాయలు తెంపిన, జరన్ని పట్కపో. ఒల్వనీకి జాగా ఏడైతేంది, నీ బిడ్డ తలుపుకాడ గూడ ఒల్వొచ్చు.