పక్కకి తీసిన గిన్నె

మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా ఊరగాయ పెట్టకూడదు. అందుకే ఈసారి పెరటి మామిడికాయలు చెట్టునే పండిపోయాయి. కోడలు ఆ పళ్ల గుజ్జును పొయ్యి మీద పెట్టి కలుపుతోంది. అత్త పీట వాల్చుకుని పక్కనే కూర్చుంది.

“జామ్ కూడా ఊరగాయ లెక్కేనేటత్తా?”

“ఉప్పూ కారం లేకుండా ఊరగాయేటే? కానీ. పిల్లలు రొట్టెకి రాసుకుంతారు.”

“పంచదార సరిపోయిందంటావా?”

“రుసి సూడు.”

“సూసినాను. నాకేటీ తెలీట్లేదు.”

“నాకూ అంతేనే, నా కొడుకు పోయిన కాడ్నుంచి. సిన్నదాన్ని పిలు, అదే సెప్తాది.”

“నిద్దరోతంది. లేసినాక అడుగుదుం.”

“సర్లే. మరి ఆ గిన్నెలోదేటి?”

“గుజ్జే. పంచదార ఎయ్యకముందు కొంచెం పక్కకి తీసినాను.”

“ఎవరికే?”

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. తీపి వండినప్పుడల్లా చేసే పని, చెయ్యి దానంతటదే చేసేసింది.

“ఆయనకి సుగరు కదత్తా.”

అత్త ఆ గిన్నెను పొయ్యి సెగకి దూరంగా జరిపింది.

“మూతెట్టు. ఈగలు వాలతాయి.”