ఇంకో గ్లాసు

ఫోనొచ్చి పెద్దసారు హోటల్ బయటికి వెళ్లగానే, తన ముందున్న ఎర్రటి వైను గ్లాసును చూస్తూ అతను భార్య చెవిలో గొణిగాడు.

"వాసనకే నోరూరుతోందే."

"మందులు వాడుతున్నానని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. ఆ మందుకన్నా ఈ మందే మేలని నవ్వాడు."

"మానేశానని చెప్పండి."

"ఎందుకు మానేశావంటే? తాగిన మైకంలో పిల్లదాన్ని బడి దగ్గరే మర్చిపోయానని చెప్పనా? మేనేజర్ని చేశానన్న నోటితోనే వద్దు పొమ్మంటాడు."

"పోనీ, లేచి వెళ్లిపోదామా?"

"ఈ విందు మన కోసమేనే! ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఇలా ఇవ్వండి."

ఎన్నడూ చుక్క ముట్టని మనిషి, కళ్లు మూసుకుని కషాయం మింగినట్టు గ్లాసంతా తాగేసింది.

"ఛీ, ఒట్టి చేదు! దీనికోసమా మమ్మల్ని అంత ఏడిపించారు?"

అంతలో పెద్దసారు తిరిగొచ్చి, ఖాళీ గ్లాసు చూసి మెచ్చుకోలుగా అతని భుజం తట్టి, మళ్లీ సీసా ఎత్తాడు. దగ్గు ఆపుకుంటూనే భార్య చెయ్యి ఆ గ్లాసు వైపు కదలడం అతను చూశాడు.

గ్లాసు మీద అరచెయ్యి మూశాడు.

"వద్దు సార్. నేను తాగుబోతుని."