సన్యాసిరావు ఊదిన వెదురు గొట్టం

“నేనేదో గొప్పోణ్ననుకోవద్దర్రా. క్లబ్బులో ఓసారి సరదాగా ఊదేను, అంతే,” అన్నాడు సన్యాసిరావు, మాడ చేతిలోని వెదురు గొట్టాన్ని చల్లగా లాక్కుని.

మాడకి ఒళ్లు మండిపోయింది. ఊళ్లో సిగ్నల్ ఉండదని, ప్రతి ఆదివారం పెళ్లాం ఆయతిని తీసుకుని కొండ దిగి గనుల ఊరు బచేలికొచ్చి, రాజ్‌కుమార్ టీకొట్టు ముందు నిలబడి ఆ గొట్టం మోగిస్తూ ఫోన్‌లో లైవ్ పెట్టేవాడతను. నెలనెలా తోచింది పంపే అభిమానుల పుణ్యమా అని లారీలకు రాళ్లెత్తే పని మానుకున్నాడు. పోయిన ఆదివారం వానకి లైవ్ ఆగిపోతే కొందరు అలిగి వెళ్లిపోయారు. ఇవాళ కూడా మోగించకపోతే మళ్లీ రాళ్లే గతి.

ఆయతి అప్పటికే లైవ్ మొదలుపెట్టి ఫోన్ పట్టుకుని నిలబడింది. గొట్టమేమో సన్యాసిరావు దగ్గరుంది. గనిలో రిటైరైన పెద్దమనిషి, పైగా ఆన్‌లైన్‌లో పేజీ పెట్టడం నేర్పింది నిజంగా ఆయనే. ఆ మొహమాటం మాడ నోరు కట్టేసింది.

“ఊదేనా... ఆ తర్వాత ఏటయిందో తెలుసా? విశాఖ పోతున్న ఖనిజం గూడ్సుబండి టక్కున ఆగిపోయింది! డ్రైవరు దిగొచ్చి, ‘సన్యాసిరావు గారూ, ఇంకొక్కసారి’ అని కాళ్లమీద పడ్డాడు.”

“అచ్ఛా! బండి కదల్లేదా మరి?” అన్నాడు రాజ్‌కుమార్, టీ తిరగబోస్తూ.

“ఎందుకు కదుల్తాది? నేను మళ్లీ ఊదేనుగా! ఈసారి కొండలో ఇనపరాయి దానంతటదే దొర్లుకుంటూ వచ్చి వ్యాగన్లలో కూచుంది. ఆ పూట మిషన్లన్నిటికీ సెలవు.”

“సారూ, జనం చూస్తున్నరు, గొట్టం ఇటియ్యి,” అన్నాడు మాడ.

“నన్నే చూస్తన్నార్రా, కంగారు పడకు!”

మాడ పళ్లు కొరికాడు. అసలది ఊదేదే కాదు. అడవి దారిలో జంతువులు బెదిరిపోవాలని చేత్తో ఊపుతూ నడిచే గొట్టం. గాలి కోసుకుపోతుంటే ఈలలా మోగుతుంది. ఇన్ని ఆదివారాలు పక్కనే కూచుని టీ తాగిన మనిషికి ఆ సంగతే తెలీదు. ఒక్కసారైనా ఇటు చూశాడా అని మాడకి ఏడుపొచ్చినంత పనైంది.

“కొందరు పోతున్నరు,” అంది ఆయతి మెల్లగా.

“పోనీవే అమ్మా! జపాన్‌లో ఓ ముసలమ్మ ఏళ్ల తరబడి మంచం దిగలేదు. నా ఊదుడు ఫోన్‌లో విని, లేచి సైకిలెక్కి సంతకెళ్లిపోయింది! మీకు నెలనెలా పంపేది ఆవిడే. మాడని చూసి కాదు, నన్ను చూసి!”

ఆ మాటతో మాడ ఓపిక చచ్చిపోయింది. గొట్టం లాక్కున్నా ఊరుకున్నాడు గాని, చివరికి తన జనాన్ని కూడా లాక్కుంటున్నాడు. గొట్టం కోసం చెయ్యి చాపబోతుంటే ఆయతి ఆపింది.

“ఉండు. జోగి ఏందో అడుగుతుంది.”

జోగిది అడవిలోని పామేడు ఊరు. చర్ల దగ్గర మిరప తోటల్లో కూలికెళ్లి, ఆ కూలిలోంచే నెలనెలా పంపే మనిషి. లైవ్ కింద ఆమె రాసింది ఆయతి పైకి చదివింది.

“‘ఆ సారును అడుగక్కా, దాన్ని ఏ చివర నోట్ల పెట్టుకున్నడో. మేం చిన్నప్పటి సంది ఊపుడే గని, ఊదుడు ఎరుగం.’”

రాజ్‌కుమార్ టీ పోయడం ఆపాడు. సన్యాసిరావు గొట్టాన్ని ఆ చివరా ఈ చివరా తిప్పి చూశాడు. దాన్ని మాడ చేతికిచ్చేశాడు.

మాడ గొట్టాన్ని పైకెత్తాడు.

“జెర ఎనక్కి జరుగు సారూ. ముక్కుకు తగుల్తది.”